తుండు కింద చెయ్యి

పోయిన వారం సంఘం హాలు మెట్ల మీద నేను చెప్పులు విడుస్తుండగా కథ ఆపాను. లోపల మైకు గరగరమంటోంది, బయట వీధి వీధంతా షట్టర్లు దించుకుని ఉంది. కథను మధ్యలో అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మొదటినుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓర్చుకోండి. ఈ వారం నాకు జరిగిన మర్యాద ఎలాంటిదో అర్థం కావాలంటే ఆ నాలుగు ముక్కలూ మీకూ కావాలి.

నా పేరు రంజని. మాది తమిళనాట రాయపురంలో పెద్దమండీ వీధి. హార్బరు వైపు కొసన మిరపకాయలు, చింతపండు, పప్పులు లారీల్లో దించుకునే పెద్ద మండీలు. ఆ కొస దాటితే చివరిదాకా మాలాంటి చిల్లర కొట్లు. మా నాయన వదిలిపోయిన పప్పుల కొట్టు నేనూ, మా ఆయన భరణీ నడుపుకుంటున్నాం. మా నాయన తమ్ముడు ఆదికేశవులుది వీధిలోకెల్లా పెద్ద మిరపకాయల మండీ. వర్తకుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. నాయన పోయినప్పుడు నేను గౌను వేసుకునే వయసులో ఉన్నాను. అప్పటినుంచీ నన్ను పెంచింది, చదివించింది, పెళ్ళి చేసింది ఆ చిన్నాయనే.

ఈ ఏడు బడ్జెట్లో సర్కారు మా మీద చల్లటి చూపు చూసింది. చిల్లర కొట్ల పన్ను మూడింతలు చేసింది. ఎన్నూరు దారిలో కొత్తగా కడుతున్న గోడౌన్ పార్కులోకి వెళ్ళే పెద్ద వ్యాపారులకు మాత్రం పదేళ్ళపాటు పన్నే లేదంది. అదేమయ్యా అంటే, పెట్టుబడి రావాలంటే ఆ మాత్రం వదులుకోవాలంది. వదులుకున్నది ఎక్కడినుంచి పూడ్చుకోవాలి మరి? ఖర్చు తగ్గించుకోవాలి కదా! అందుకని మా వీధి చివర ఉన్న ప్రసవాల ఆస్పత్రిని మూసేసి, ఎక్కడో దూరంగా ఉన్న పెద్దాస్పత్రిలో కలిపేస్తానంది. దీనికి పొదుపు అని పేరు పెట్టింది. ఉన్నవాడికి పందిరి వేయడానికి లేనివాడి ఇంటి కప్పు పీకడం పొదుపైతే, దొంగతనానికి వేరే పేరెందుకో నాకు తెలియదు.

చిన్నాయన హర్తాళ్‌కి పిలుపిచ్చాడు. పన్ను తగ్గాలి, ఆస్పత్రి ఉండాలి, రెండూ తేలేదాకా ఒక్క షట్టరూ లేవకూడదు అన్నాడు. అమ్మవారి గుడి ముందు అరచేత్తో కర్పూరం ఆర్పి, ఎవరూ విడిగా రాజీ పడకూడదని ప్రమాణం చేశాడు, అందరిచేతా చేయించాడు. చిల్లర కొట్లవాళ్ళు మొదట జంకారు. పెద్దోళ్ళు పదిరోజులు మూసినా తింటారు, మేమేం తినాలి అన్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, గుమ్మం గుమ్మం దగ్గరా నిలబడి, "మా చిన్నాయన మాటకి నేను పూచీ" అని చెప్పింది నేను. మూటలు మోసే లోడ్‌మెన్ కూడా, ఏ రోజు కూలి ఆ రోజు తినేవాళ్ళు, ఆస్పత్రి కోసమని మాతో కలిశారు. పస్తులుంటున్నారు కూడా. ఇవాళ పైనుంచి ఒక ఆఫీసరు మాట్లాడడానికి వచ్చాడు. అక్కడిదాకా చెప్పాను.

హాలు నిండా జనం. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గానీ గాలి పైనే ఎక్కడో ఆగిపోతోంది. నాకు ఒక పక్కన పసుపు కుంకుమల కొట్టు సీతాదేవక్క, ఇంకో పక్కన లోడ్‌మెన్‌కి పెద్ద అయిన ముత్తురాజ్. ముత్తురాజ్ తమిళవాడే గానీ మా మూటల మధ్య పెరిగిన మనిషి, మా తెలుగు మాకంటే గట్టిగా మాట్లాడతాడు. వాళ్ళావిడకి ఇది నెలలు నిండే కాలం. మొదటి కాన్పు ఈ ఆస్పత్రిలోనే జరిగింది.

"కండిప్పా, తప్పకుండా ఏదో ఒకటి ఇస్తారక్కా. సుమ్మా ఊరికే ఆఫీసరు ఇంత దూరం వస్తాడా?" అన్నాడు ముత్తురాజ్.

"నీ నోటి వాక్యాన ఇయ్యనీ రా అబ్బాయా. నా కొట్లో ఎలకలు కూడా పస్తులుండాయి," అంది సీతాదేవక్క. మేం ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆఫీసరు లేచి చక్కగా మాట్లాడాడు. మీ బాధ మా బాధ అన్నాడు. సానుభూతితో పరిశీలిస్తాం అన్నాడు. రాష్ట్రం పరిస్థితి మీకు తెలియనిది కాదు అన్నాడు. నీళ్ళు పోసి పలచన చేసిన మజ్జిగలో ఉప్పు కూడా వేయకుండా ఇచ్చినట్టుంది ఆ ప్రసంగం. చివర్లో, ఇన్నాళ్ళూ ఆందోళనను శాంతంగా నడిపినందుకు సంఘం అధ్యక్షుడికి చిన్న సత్కారం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

శాలువా పట్టుకుని ముందుకొచ్చింది భక్తవత్సలం. ఈయన్ని మీకు పరిచయం చేయాలి. ఒకప్పుడు మా వీధిలోనే దళారి. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి బేరాలు తెగ్గొట్టి కమీషన్ తీసుకునేవాడు. ఇప్పుడు పైన సర్కారువాళ్ళకీ కిందవాళ్ళకీ మధ్య అదే పని చేస్తున్నాడు, చొక్కా మాత్రం తెల్లబడింది. ఆయన నవ్వుతూ చిన్నాయన భుజాల మీద శాలువా కప్పాడు. కప్పి, చెయ్యి కలిపాడు. శాలువా కొస జారి కలిసిన ఆ రెండు చేతుల మీదా పడింది.

ఫోటోలు తీశారు. చప్పట్లు ఆగిపోయాయి. చేతులు మాత్రం విడిపోలేదు.

అప్పుడు చూశాను చిన్నాయన కళ్ళను. ఆయన కళ్ళు జనం మీద లేవు, ఆఫీసరు మీద లేవు. పైనున్న ఫ్యాను మీద ఉన్నాయి. భక్తవత్సలం కళ్ళేమో ఎదురుగోడ మీదున్న పాత అధ్యక్షుల పటాల మీద ఉన్నాయి. చిన్నాయన మోచెయ్యి చిన్నగా కదిలింది. తల అడ్డంగా ఒకసారి ఊపాడు. మళ్ళీ మోచెయ్యి కదిలింది. ఈసారి తల నిలువుగా ఊగింది. చేతులు విడిపోయాయి.

అది సత్కారం కాదు, బేరం.

మా మండీల్లో తుండు బేరం అని ఒక పద్ధతి ఉంది. తుండంటే తువ్వాలే. సరుకు మధ్యలో పెట్టుకుని పదిమంది కొనడానికి నిలబడి ఉంటే, ఎవడు ఎంత అడిగాడో రెండోవాడికి తెలియకూడదు. అందుకని అమ్మేవాడు చేతిమీద తుండు కప్పుకుంటాడు. కొనేవాడు దానికింద చెయ్యి పెడతాడు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, పిడికిలి మొత్తం పట్టుకుంటే అయిదు. నోరు మెదపరు. చేతివైపు చూడరు. ఒప్పుకుంటే తల నిలువుగా, లేదంటే అడ్డంగా. చిల్లర కొట్లవాళ్ళకు దీంతో పనిలేదు, చాలామందికి తెలియనే తెలియదు. నాకు తెలుసు. మధ్యాహ్నం పూట మూటల మీద కూర్చోబెట్టి చిన్నాయనే నేర్పాడు. సరిగ్గా చెబితే నోట్లో కలకండ ముక్క పెట్టేవాడు. నేను చేతివైపు చూశానా, నెత్తిమీద ఒక్కటి మొట్టేవాడు. "కళ్ళు కప్పు మీద ఉండాల, బుద్ధి వేళ్ళ మీద ఉండాల," అనేవాడు.

నలభై ఏళ్ళు అలా బేరాలు చేసిన మనిషి. ఫోనులో చెప్పుకోవచ్చు, కారులో కూర్చుని తేల్చుకోవచ్చు. కానీ చేతిలో చెయ్యి పడి, మీద గుడ్డ కప్పితే తప్ప ఆయనకు బేరం తెగినట్టుండదు. ఆ అలవాటే ఆయన్ని పట్టించింది. హాల్లో ఆ సంగతి కనిపెట్టింది నేనొక్కదాన్నే అనుకుంటున్నారా? మొదటి వరసలో కూర్చున్న పెద్ద మండీలవాళ్ళను చూశాను. ఒక్కడూ తల పైకెత్తలేదు. అందరూ తమ తమ కాళ్ళ బొటనవేళ్ళను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. వాళ్ళందరికీ తెలుసు.

"ఏమక్కా, మొగం అట్ట పెట్టినావు?" అన్నాడు ముత్తురాజ్.

"ఏం లేదు. ఈడనే ఉండండి, ఇప్పుడే వస్తా," అన్నాను.

నేను వెళ్ళేసరికి, వేదిక దిగి వచ్చేసిన చిన్నాయన మండీ వెనక గదిలో భోజనానికి కూర్చుని ఉన్నాడు. హర్తాళ్ మొదలైనప్పటినుంచీ ఇంటికి పోకుండా ఇక్కడే తింటున్నాడు, చిన్నమ్మ రాజలక్ష్మి క్యారియర్ తెచ్చి దగ్గరుండి వడ్డిస్తోంది. అధ్యక్షుడు వీధిని వదలడని జనం మెచ్చుకున్నారు. గదినిండా ఎండుమిరపకాయల ఘాటు. శాలువా మడతపెట్టి మూటల మీద పెట్టి ఉంది.

"రా మా, కూర్చో. అన్నం తిన్నావా?" అన్నాడు.

"ఎంతకి తెగింది చిన్నాయనా?"

"ఏంది?"

"బేరం."

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ కదిలింది. నమిలాడు, మింగాడు, నీళ్ళు తాగాడు. అంతసేపూ నేను నిలబడే ఉన్నాను.

"శాలువా కప్పితే చేతులు లోపలికి పోకుండా ఏడికి పోతాయి మా? నీకు అన్నిట్లోనూ బేరాలే కనిపిస్తాయి. ఒసే, దీనికొక ఆకు వెయ్యవే," అన్నాడు చిన్నమ్మతో.

"ఆకు ఒద్దు చిన్నమ్మా," అన్నాను.

మేకుకు వేలాడుతున్న ఆయన తుండు తీసుకున్నాను. చెమట వాసనా మిరపకాయల వాసనా కలిసిన ఆ గుడ్డ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. జ్వరం వస్తే దాన్నే తడిపి నా నుదుటిమీద వేసేవాడు. దాన్ని నా కుడిచేతి మీద కప్పుకుని ఆయన ముందుకు చాచాను.

"అడిగిన చేతిని కాదనగూడదు, తుండు కింద అబద్ధమాడగూడదు, ఆడినోడి చెయ్యి మళ్ళీ ఎవుడూ పట్టుకోడు. ఇవన్నీ ఎవురు నేర్పినారో గుర్తుండాదా చిన్నాయనా? చెప్పు. నోటితో ఒద్దు. ఈడ చెప్పు."

చిన్నమ్మ చేతిలో సాంబారు గరిటె అలాగే ఆగిపోయింది. ఆమెకీ ఏమీ తెలియదని ఆ క్షణాన నాకర్థమైంది.

కాదంటాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా చేస్తే బాగుండునని మొక్కుకున్నాను. ఆయన తింటున్న ఆకు ముందునుంచి లేచాడు. పెరట్లో కుళాయి దగ్గర ఎంగిలి చెయ్యి కడుక్కున్నాడు. పంచెకు తుడుచుకున్నాడు. వచ్చి నా ఎదురుగా నిలబడి, కళ్ళు కప్పుమీదకు ఎత్తి, తుండు కింద చెయ్యి పెట్టాడు.

నా పిడికిలి మొత్తం పట్టుకున్నాడు. వదిలి, మళ్ళీ పిడికిలి మొత్తం పట్టుకున్నాడు. వదిలి, ఒక్క వేలు పట్టుకున్నాడు.

పదకొండు.

"ఏంది పదకొండు?" అన్నాను.

"కొట్లు. గోడౌన్ పార్కులో పదకొండు కొట్లకి చోటిస్తారు. పదేళ్ళు పన్ను లేకుండా." తుండు కింద చెయ్యి ఇంకా అలాగే ఉంది. "వాళ్ళు ఆరన్నారు మా. నేను పదకొండు దాకా లాగినా."

ఎంత గర్వంగా చెప్పాడో! ఆరుకి పదకొండు లాగాడట. గొప్ప బేరగాడు కదా!

"మిగతావాళ్ళు?"

ఆయన కళ్ళు మళ్ళీ కప్పు మీదకు పోయాయి.

"ఆస్పత్రి?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. పప్పుల కొట్టుదాన్ని, ఆ సామెత రోజుకు ఒకసారైనా వాడతాను. ఇవాళే దాని రుచి తెలిసింది. ఏడుపు రాలేదు. తుండు తీసి మూట మీదకు విసిరికొట్టాను.

"ఏరు దాటినాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నా చిన్నాయనా. నువ్వు ఏటి మధ్యలోనే తగలేసినావే! మేమంతా దాని మీద ఉండంగానే తగలేసినావే!"

"అరవొద్దు మా."

"అరస్తా! అమ్మవారి ముందర కర్పూరం ఆర్పినప్పుడు చెయ్యి కాలలేదా నీకు? ముత్తురాజ్ పెండ్లాం నిండు నెలలతో ఉండాది. సుబ్బరంగా మూటలు మోసుకుంటే నాలుగు డబ్బులొచ్చేవి. నీ మాట నమ్మి పనికి పోకుండా వాడు ఆ హాల్లో కూర్చోని ఉండాడు. ఏమని చెప్పమంటావు వాడికి? నీ ఆస్పత్రిని ఇచ్చేసి మా చిన్నాయన పదకొండు తెచ్చుకున్నాడని చెప్పమంటావా?"

ఆయన మూట మీద కూర్చున్నాడు. కూర్చున్నప్పుడు ముసలితనం ఒక్కసారిగా కనపడింది. జాలిపడడానికి నేను సిద్ధంగా లేను.

"విను," అన్నాడు. "నేను సర్కారు ఆఫీసులుండే కోట చుట్టూ తిరిగినన్ని సార్లు గుడి చుట్టూ తిరగలా. ప్రతి గదిలోనూ ఒకటే మాట. మీ చిన్న కొట్లు తెరిస్తే మాకొచ్చేదేంది, మూస్తే మాకు పొయ్యేదేంది అంటారు. మొగం మీదనే అంటారు. పెద్ద కంపెనీలు ఆన్లైన్లో పప్పు అమ్మతా ఉండాయి, మీ వీధి ఇంకా నాలుగేండ్లు ఉంటే గొప్ప అంటారు. ఈ హర్తాళ్ ఇంకో వారం సాగినా వాళ్ళ వెంట్రుక ఊడదు మా. పస్తులుండి ఓడిపొయ్యేదానికి బదులు, మునిగే పడవలోనుంచి కొందరినన్నా బయటికి లాగినా. తప్పా?"

"ఎవుర్ని లాగినావు? ఈత వచ్చినోళ్ళనే కదా లాగినావు! పెద్ద మండీలోళ్ళకి పడవెందుకు చిన్నాయనా, వాళ్ళకి సొంత ఓడలుండాయి. సర్కారు చేసిందీ అదే, నువ్వు చేసిందీ అదే. వాళ్ళని తిట్టే నోరు నీకుండాదా ఇంక?"

ఆ మాట ఎక్కడో తగిలింది. తల దించుకున్నాడు.

అప్పుడు చిన్నమ్మ మాట్లాడింది. చిన్నాయన ముందు ఆమె గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడూ పెంచలేదు. "నా ఇద్దురు బిడ్డలూ ఆ ఆస్పత్రిలోనే పుట్టినారు," అంది. "అప్పుడు మనకాడ డబ్బుల్లేవు. ఆ నర్సమ్మ చేతికి నువ్వు రెండు అరటిపండ్లు మాత్రం ఇచ్చినావు. మరిచిపోయినావా?"

"నోరు ముయ్యవే, నీకు తెలవదు."

"తెలవదు. తెలవనీకుండా పెట్టినావు కదా," అంది. సాంబారు గిన్నె మీద మూత పెట్టి, తినే ఆకు మడిచేసింది. ఆకులో అన్నం ఇంకా సగం ఉంది.

నా బుర్రలో అప్పటిదాకా మంటే తప్ప ఆలోచన లేదు. చిన్నమ్మ మాట్లాడుతుంటే ఒక లెక్క నెమ్మదిగా తట్టింది. మా వీధిలో పెద్ద మండీలు ఎన్ని? పుట్టినప్పటినుంచీ చూస్తున్న వీధి, కళ్ళు మూసుకుని చెప్పగలను. చిన్నాయనదితో కలిపి పది.

"చిన్నాయనా, పెద్ద మండీలు పదే. పదకొండోది ఎవురిది?"

ఆయన నా వైపు చూశాడు. ఇంతసేపటిలో మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. కళ్ళనిండా నీళ్ళు.

"మా అన్న కొట్టు మా. నీది."

నవ్వొచ్చింది నాకు. పిచ్చిదానిలా నవ్వాను. తడిగుడ్డతో గొంతు కోసి, కోసిన చోట పసుపు కూడా రాస్తున్నాడు!

"నేను అడిగినానా?"

"లేదు. నువ్వు అడగవు. చెప్తే ఒప్పుకోవు కూడా. మా అన్న పొయ్యేటప్పుడు నా చేతిలో నిన్ను పెట్టినాడు. వీధి పోతే పోనీ, నా బిడ్డ కొట్టు పోగూడదనుకున్నా. వాళ్ళు పది అన్నప్పుడు నేను తల అడ్డంగా ఊపినా. ఆ ఒక్కటీ నీ కోసరమే అడిగినా మా."

ఆ మాట నిజమే. హాల్లో ఆయన తల అడ్డంగా ఊపడం నేను చూశాను. ఆ ఊపు నా కోసమా? కోపమొక్కటే ఉంటే మోయడం సులువు, ప్రేమను కూడా దాంట్లో కలిపి నెత్తిన పెడితే ఎలా మోసేది? కానీ నేను దళారుల మధ్య పెరిగిన దాన్ని. ఊరికే పదిని పదకొండు చేసే బేరగాడు భూమ్మీద పుట్టలేదు.

"భక్తవత్సలం ఊరికే ఇచ్చినాడా ఆ ఒక్కటీ? బదులు ఏం అడిగినాడు?"

ఆయన తుండు తీసుకుని ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"చెప్పు చిన్నాయనా."

"అట్టయితే ఈ పొద్దే ఒక కొట్టు తెరవాలని మొన్ననే చెప్పి పెట్టినాడు," అన్నాడు తువ్వాల్లోంచి. "ఆఫీసరు కారెక్కే లోపల. హర్తాళ్ విరిగిపోయిందని పేపరోళ్ళు ఫోటో తీసుకోవాల. పెద్ద మండీ తెరిస్తే జనం రాళ్ళేస్తారు. చిన్న కొట్టు కావాల. అందురూ నమ్మేవాళ్ళ కొట్టు కావాల. అది తెరిస్తే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తెరుస్తారన్నాడు."

అందరూ నమ్మేవాళ్ళ కొట్టు. గుమ్మం గుమ్మం తిరిగి పూచీ పడ్డదాని కొట్టు. నాకు ఇచ్చింది బహుమానం కాదు, ఎర. ఇంకా చెప్పాలంటే ఎర కూడా నేనే.

"నేను తెరవను," అన్నాను. "నా తల తీసినా తెరవను. పోయి చెప్పు భక్తవత్సలానికి, పదకొండోది తెగలేదని."

"లైసెన్సు నీ పేర లేదు కదా మా," అన్నాడు చిన్నాయన, చాలా మెల్లగా.

కొట్టు లైసెన్సు భరణి పేర ఉంది. పెళ్ళయిన కొత్తలో, మగవాడి పేర ఉంటే ఆఫీసుల్లో తిరగడానికి సులువని, ఈ చిన్నాయనే మార్పించాడు. నేను నవ్వుతూ సంతకం పెట్టాను.

"ఆయనకి తెలుసా?"

"మొన్నే అడిగినా. ఒప్పుకున్నాడు."

మొన్న! మొన్న సాయంత్రం భరణి వీధి మధ్యలో నిలబడి లోడ్‌మెన్‌కి మజ్జిగ పోస్తున్నాడు. నిన్న పొద్దున సీతాదేవక్క కళ్ళు తిరిగి పడితే రిక్షాలో ఇంటికి దించి వచ్చాడు. వచ్చి, "నువ్వు లేకపోతే ఈ వీధి ఇన్నాళ్ళు నిలబడేది కాదు రంజనీ," అన్నాడు నాతో. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో! అప్పటికే నన్ను అమ్మేసి ఉన్నాడు. మజ్జిగ పోసిన చేత్తోనే అమ్మేశాడు.

"లేదు," అన్నాను. "అబద్ధం. ఆయన అట్ట చెయ్యడు."

"అల్లుడిని తిట్టొద్దు మా. వాడికీ భయముంటాది కదా. పన్ను కట్టలేక కొట్టు పోతే మీ బతుకేంది, అక్షయ చదువేంది? వాడికి బిడ్డ..."

మా బిడ్డ అక్షయ పేరు ఆయన నోట్లో ఇంకా ఉండగానే బయట చప్పుడైంది.

ఇనప షట్టరు లేస్తున్న చప్పుడు. ఇన్నాళ్ళ నిశ్శబ్దంలో అది వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా చీల్చుకుంటూ వెళ్ళింది. దాని వెంటనే జనం అరుపులు. చిన్నమ్మ నా భుజం పట్టుకుంది. విడిపించుకుని పరిగెత్తాను.

మండీ దాటి వీధిలోకి వచ్చేసరికి హాల్లో ఉన్న జనమంతా బయట ఉన్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో నిలబడి ఒకే వైపు చూస్తున్నారు. దూరంగా ఆఫీసరు కారు తలుపు తెరిచి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీస్తున్నారు. భక్తవత్సలం చేతులు కట్టుకుని పక్కగా నిలబడి ఉన్నాడు.

మా కొట్టు షట్టరు నడుము ఎత్తు లేచి ఉంది. దాని ముందు కొక్కెం కర్ర పట్టుకుని మా ఆయన భరణి.

"భరణీ!" అని అరిచాను. పెళ్ళయ్యాక నలుగురిలో ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "దించు! దించెయ్యి!"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. ఒక్క క్షణం దించేస్తాడనే అనుకున్నాను. మళ్ళీ అటు తిరిగి, కొక్కెం తగిలించి, షట్టరు పూర్తిగా పైకి లాగాడు. లోపల పప్పుల డబ్బాలు, తక్కెడ, గోడమీద మా నాయన ఫోటో, అన్నీ ఎండలో బయటపడ్డాయి.

ముత్తురాజ్ జనంలోంచి నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఇదేందక్కా? మీ కొట్టు ఎందుకక్కా తెరిచినారు?" అన్నాడు. కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది. నేను ఏదో ఒకటి చెబుతాననీ, అది తాను నమ్ముతాననీ అన్నట్టు నిలబడ్డాడు.

సీతాదేవక్క మాత్రం నన్ను దాటుకుని నేరుగా భరణి ముందుకు వెళ్ళింది. నిన్న తనని రిక్షాలో తీసుకెళ్ళి ఇంట్లో దించిన మనిషి ముందు నిలబడి, తలెత్తి ముఖంలోకి చూసింది.

"అబ్బాయా, ఒక్కటే మాట అడగతా. నిజం చెప్పు," అంది. "రంజనికి తెలిసే తెరిచినావా?"

నేను నోరు తెరిచాను. భరణి నా వైపు చూశాడు. తరవాత భక్తవత్సలం వైపు చూశాడు.

"తెలిసే అక్కా," అన్నాడు. "ఆమే తెరవమంది."